గోడ కింద పొలుసుల ముద్ద

1971వ సంవత్సరం, వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. సివిల్ డిప్లొమా పూర్తి చేసి చోడవరంలో సూపర్‌వైజరుగా చేరాను. కల్వర్టులు, బడి గదులు, రోడ్డు మరమ్మతులు మా పని. ఇళ్ల తగాదాలతో మాకు సంబంధం లేదు. కానీ ఊళ్లో ఇంజినీరింగు చదివినవాడు ఒకడున్నాడని తెలిస్తే గోడ పగిలినా, బావి ఒర కుంగినా కబురు వస్తుంది.

ఆసారి కబురు పంపింది హైస్కూలు లెక్కల మాస్టారు సత్యనారాయణగారు. కొత్తగా కట్టించిన పెరటి గోడ ఒక మూల ఒరిగిపోయింది. పైగా రోజూ తెల్లారేసరికి ఆ మూలన తాజా మట్టి కుప్ప కనిపిస్తోంది. "మేస్త్రి సింహాచలం పునాది ఎగ్గొట్టేడండీ. మీరొచ్చి అదొక్కటీ తేల్చండి" అన్నారు.

ఆ మాట అప్పటికే బజారంతా పాకింది. సింహాచలం చేత ఇల్లు కట్టిద్దామనుకున్న రెండు కుటుంబాలు వేరే మేస్త్రిని వెతుక్కుంటున్నాయి. నేను అవునంటే ఆ ఊళ్లో అతనికి పని దొరకదు.

ఉదయాన్నే వెళ్లాను. సింహాచలాన్ని కూడా రమ్మన్నాను. ప్లంబ్‌బాబ్, అంటే దారానికి వేలాడే ఇనుప గుండు, పట్టి గోడ నిలువు చూశాను. గోడంతా నిటారుగా ఉంది. కాకర పాదు దగ్గర మూల మాత్రమే బయటికి వాలింది. అక్కడ పసుపు కుంకుమలు పెట్టిన పాముపుట్ట ఒకటి గోడకు ఆనుకుని ఉంది. పక్కనే మనిషి తల పట్టేటంత కన్నం. పందికొక్కుకు అంత కన్నం అక్కర్లేదు.

గోడలో ఒక భాగం మాత్రమే దిగిపోవడాన్ని డిఫరెన్షియల్ సెటిల్‌మెంట్ అంటారు. కారణాలు వరసగా ఆలోచించాను. ఒకటి, నీరు నిలవడం. కానీ నేల పల్లంగా లేదు. రెండు, పొంగే నల్లరేగడి. ఇది ఎర్రమట్టి. మూడు, పునాది లోతు చాలకపోవడం. మొదటి రెండూ కొట్టేశాక మూడోదే మిగిలింది. అంటే మాస్టారి మాటే నిజమవుతుంది. మరి రోజూ ఆ మట్టి ఎక్కడిది?

"ఈ మూల ఎంత లోతు తీసేవురా?" అని మాస్టారు అడిగారు.

"మిగతా గోడ ఎక్కడ తవ్వమంటే అక్కడ తవ్వి సూపిస్తాను బాబూ. ఈ మూల సంగతి మాత్రం నన్నడక్కండి" అన్నాడు సింహాచలం.

"సూసేరా? ఒప్పేసుకుంటన్నాడు!"

"ఒప్పుకోలేదండీ, అడగొద్దంటున్నాడు" అన్నాను. ఆ రెండింటికీ తేడా ఏమిటో నాకూ తెలియలేదు. తప్పు చేసినవాడు ఏదో ఒక సాకు చెబుతాడు. ఇతను అదీ చెప్పడం లేదు.

ట్రయల్ పిట్ తీద్దామన్నాను. గోడ పక్కన గొయ్యి తీసి పునాదిని కళ్లారా చూడడమే ట్రయల్ పిట్. సింహాచలమే పార అందుకున్నాడు. కొంచెం తవ్వగానే మట్టి లోపలికి జారిపోయి, గోడ కింద గుహలాంటిది బయటపడింది. అందులో గోధుమ రంగు ముద్ద ఒకటి ఉంది. ఒంటినిండా పొలుసులు, పెంకుల కప్పులా ఒకదాని మీద ఒకటి.

"ఏటది? పనసకాయా?" అన్నారు మాస్టారు.

"పనసకాయ ఊపిరి తీస్తదేటి బాబూ?" అంటూ సింహాచలం పార వదిలేసి వెనక్కి గెంతాడు.

నిజమే, ముద్ద మెల్లగా ఉబ్బుతోంది, తగ్గుతోంది. తాబేలైతే డిప్ప ఒక్కటే ఉండాలి. చేపకు నేలలో పనేమిటి? తలెక్కడుందో, తోకెక్కడుందో తెలియలేదు. నేను చదివిన ఫౌండేషన్ల పాఠంలో దానికి చోటు లేదు.

అలికిడికి మాస్టారి తల్లి అప్పలనర్సమ్మగారు వంటింట్లోంచి వచ్చారు. గోతిలోకి తొంగిచూసి, పొలుసులు చూడగానే చేతులు జోడించారు.

"నాగేంద్రా! సాచ్చికం సెప్పడానికొచ్చేవా తండ్రీ! ఆడి తప్పేటీ లేదు. అంతా నేనే సేయించేను."

"ఏటమ్మా నువ్వనేది?" అన్నారు మాస్టారు.

"నాగుల సవితికి పాలు పోసే పుట్ట కదరా! గునపం తగలనీకురా అని ఈడి సేత ఒట్టేయించుకున్నాను. నీకు సెప్పొద్దన్నాను. సెప్తే నువ్వు నవ్వుతావు."

అప్పుడు సింహాచలం నోరు విప్పాడు. పుట్ట అడుగు పరుచుకున్నంతమేర పునాది తవ్వకుండా, అటూ ఇటూ రాయి కట్టి, మీద బండ పరిచి, దానిపై గోడ లేపాడట.

"మరి ముందే సెప్పొచ్చు కదరా!"

"సెప్తే అమ్మగార్ని ఏటంటారో అని బాబూ. నానంటే ఎలాగోలాగ పడతాను."

మాస్టారు తల్లి కేసి ఒకసారి, గోతి కేసి ఒకసారి చూశారు.

మేమంతా వరండాలోకి వెళ్లాక ఆ జంతువు విచ్చుకుంది. సన్నటి మూతి, పొడుగాటి గోళ్లు. తోక ఈడ్చుకుంటూ కంచె దాటి చెరకు తోటలోకి పోయింది. బండ కింద చూస్తే మట్టి గుల్లగుల్లగా ఉంది, నిండా చెదలు. తర్వాత మాస్టారు బడి లైబ్రరీలో ఒక పుస్తకం తీసి బొమ్మ చూపించారు. దాని పేరు అలుగు. చెదలే దాని తిండి, వాటికోసం రాత్రిళ్లు నేల తవ్వుతుంది. ఆ మాట చెప్పినా, అది నాగేంద్రుడు కాదంటే అప్పలనర్సమ్మగారు ఒప్పుకోలేదు.

బండ ముందు దిగిందా, అలుగు తవ్వాక దిగిందా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. మాస్టారికి ఆ మాటే చెప్పాను. "ఈ మూల పునాది లేదు. కానీ దాన్ని ఎగ్గొట్టింది మాత్రం మేస్త్రి కాదు" అన్నాను.

ఆ వారంలోనే మాస్టారు సింహాచలాన్ని పిలిచి, పుట్టను బయటికి వదిలేసి గోడను వంపు తిప్పి కట్టించారు. పని జరిగినన్నాళ్లూ సాయంత్రాలు కుర్చీ వేసుకుని అతని పక్కనే కూర్చున్నారు. దారిన పోయేవాళ్లు గోడ వంకరేమిటని అడిగితే, "మాయమ్మ కోరిక, నా తొందరపాటు" అని వినపడేలా చెప్పారు. వేరే మేస్త్రిని వెతుక్కున్న కుటుంబాల్లో ఒకటి సింహాచలం దగ్గరికే తిరిగొచ్చింది. రెండోది రాలేదు.

అప్పట్నుంచి ఏ గోడ చూడడానికి వెళ్లినా, గొయ్యి తీయించక ముందు ఇంట్లో అందరినీ, ముఖ్యంగా ఆడవాళ్లను, ఒక ప్రశ్న అడుగుతాను: "ఈ స్థలంలో దేన్ని ముట్టుకోవద్దని మేస్త్రికి చెప్పారు?"