యాకూబ్ భాయ్ అడిగిన మాట

పక్కింటివాళ్లు వానకు చెమ్మెక్కిన గోడకు సున్నం వేయిస్తున్నారు. తడి గోడ మీద కొత్త సున్నం పడితే వచ్చే ఘాటు వాసన ఈ ఉదయం మా వంటింటిదాకా వచ్చింది. తొర్రూరులో నేను అమ్ముకున్న ఇల్లు, దాన్ని అమ్మిపెట్టిన యాకూబ్ భాయ్ గుర్తుకొచ్చారు.

బస్టాండు దగ్గర జిరాక్సు షాపు పక్కన ఒక బల్ల వేసుకుని కూర్చునేవారాయన. ఇళ్లు, ప్లాట్లు ఇప్పించడమే ఆయన పని. నా భర్త పోయిన మరుసటి ఏడు, జనగామలో ఉండే మా అన్నయ్య ఆయన్ను మా ఇంటికి తీసుకొచ్చాడు. ఇల్లు నా పేరు మీదే ఉంది. నేను మహబూబాబాద్ దవాఖానలో నర్సును, రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. ఇల్లు అమ్మేసి, నన్నూ నా బిడ్డనూ జనగామలో తన ఇంటి వెనక గదుల్లో పెట్టుకోవాలని అన్నయ్య నిర్ణయించాడు. అది ప్రేమతోనే. అందుకే కాదనలేకపోయాను. యాకూబ్ భాయ్ గదులన్నీ చూసి నా వైపు తిరిగారు. “నువ్వేమంటవ్ చెల్లె?” అన్నారు. నేను నోరు తెరిచేలోపే అన్నయ్య అందుకున్నాడు. “ఆమె ఏమంటది? నేను చెప్తున్న గదా.”

కొనేవాణ్ణి కూడా అన్నయ్యే కుదిర్చాడు. ఆయన మా ఇల్లు పడగొట్టి గోదాము కట్టుకుంటాడట. అడ్వాన్సుగా బయానా డబ్బు ఇచ్చే రోజు అందరూ మా ముందుగదిలో కూర్చున్నారు. నేను చాయ్ కప్పులతో గుమ్మంలో నిలబడ్డాను. కాగితం రాయాల్సిన యాకూబ్ భాయ్ కలానికి మూత పెట్టేశారు.

“చెల్లె నోటితోని చెప్తే రాస్త,” అన్నారు.

అన్నయ్యకు కోపం వచ్చింది. “నీ కమీషన్ నీకొస్తది. నడుమ నీకేంది?”

“ఇల్లు ఆమెది అన్నా. ఆమెను అడగకుంట నేనెట్ల రాయాలె?”

కలం జేబులో పెట్టుకుని నా వైపు తిరిగారు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటే బాగుండనిపించింది. పళ్లెం కింద పెట్టాను. “అన్నా, నేను జనగామ రాను. నౌకరున్న మహబూబాబాద్‌లనే ఇల్లు చూసుకుంట,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అన్నయ్య చాయ్ ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు. కొనడానికి వచ్చినాయన కూడా వెళ్లాడు. అన్నను పోగొట్టుకున్నానని నేను ఏడుస్తుంటే, యాకూబ్ భాయ్ నెమ్మదిగా అడిగారు. “ఇప్పుడు చెప్పు. ఇల్లు అమ్ముదమా, ఉంచుదమా?”

“అమ్ముదం భాయ్. అక్కడ చిన్నదైనా నాకో ఇల్లు చూడున్రి.”

అప్పటినుంచి ఎవరు చూడ్డానికి వచ్చినా యాకూబ్ భాయ్ ఇల్లు నన్నే చూపించమనేవారు, తాను వాకిట్లో నిలబడేవారు. పడమటి గోడ చెమ్మ కనిపించకుండా సున్నం వేయిస్తానని నేనంటే వద్దన్నారు. “వానకు తడుస్తదని నువ్వే చెప్పు. తెలిసి కొన్నోళ్లు నిన్ను తిట్టుకోరు.” చెప్పాను. కొందరు వెనక్కి పోయారు. చివరికి పెద్దవంగర నుంచి వచ్చిన టైలరు, ఆయన భార్య ఆ గోడను తడిమి చూసి కూడా ఇష్టపడ్డారు. మిషన్లకు ముందుగది వెలుతురు బాగుందని ఆమె మురిసిపోయింది.

రిజిస్ట్రేషన్ రోజు ఆఫీసు మెట్ల మీద అన్నయ్య కనిపించాడు. లోపలికి వచ్చి సాక్షి సంతకం పెట్టాడు. బయటికొచ్చాక, “బిడ్డ తిన్నదా?” అని అడిగాడు. యాకూబ్ భాయ్ జనగామ వెళ్లి అన్నయ్యతో మాట్లాడారని తర్వాత వదిన చెప్పింది. “మీ చెల్లె మీకు ఎదురు చెప్పలే. ఆమె మాట ఆమె చెప్పుకున్నది, గంతే,” అన్నారట.

యాకూబ్ భాయ్ ఇప్పుడు లేరు. మంచం పట్టినప్పుడు చూడ్డానికి వెళితే, మహబూబాబాద్‌లో తాను చూసిపెట్టిన ఈ ఇల్లు మంచిగుందా అని మాత్రమే అడిగారు. ఉందని చెప్పగలిగినందుకు సంతోషం.

నిన్న మా వార్డుకు ఒక కోడలు పిల్ల వచ్చింది. ఏమైందని అడిగితే అత్త ఒకటి చెప్పింది, భర్త ఇంకొకటి చెప్పాడు. ఇద్దరినీ బయట కూర్చోమని తెర లాగాను. స్టూలు దగ్గరికి జరుపుకుని, “నువ్వు చెప్పు బిడ్డా,” అన్నాను. ఆమె తెర వైపు ఒకసారి చూసి, కొంగు అంచు వేలికి చుట్టుకుంది. నేను తొందరపెట్టలేదు.