పీట మీద ఏడు మడతలు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడు లేదు, డెబ్బై దాటిన ఈ వయసులోనూ లేదు. మా గల్లీలో ఎవరికైనా గాలి సోకిందంటే ముందు ఒళ్లు కాలుతుందేమో చూడమంటాను. ముప్పై ఒక్క ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. రెండుసార్లు కొలవనిదే ఏదీ ఒప్పుకోను. అందుకే ఈ సంగతి చాలా కాలం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చూసింది చూసినట్టు రాస్తున్నాను.

అది 1978 వానాకాలం. మేం హైదరాబాదు పాతబస్తీ దగ్గర కార్వాన్‌లో, ఒకే వాకిలి చుట్టూ నాలుగు వాటాలున్న ఇంట్లో అద్దెకుండేవాళ్లం. నా భర్త బస్సు డిపోలో మెకానిక్. అత్తమ్మ మాతోనే ఉండేది.

తొలి కాన్పు తల్లిగారింట్లో జరగాలి. నాకు తల్లిగారిల్లు లేదు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ నాకు ఆరో నెల నడుస్తుండగా, డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద పడుకుని, నిద్రలోనే పోయింది.

అమ్మ కాన్పుల ఆసుపత్రిలో ఆయా. ఇరవై రెండేళ్లు చేసింది. పుట్టిన పిల్లల్ని చుట్టే పాత మెత్తటి గుడ్డల్ని ఆమె ఒక రకంగా మడిచేది. మూడు మడతలు వేసి, అంచు లోపలికి దోపి, మూల కనపడకుండా చేసేది. ఆ మడతను విసిరినా విప్పుకోదు. వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు విసిరితే అక్కడి ఆయా పట్టుకునేది. చిన్నప్పుడు నేను ఎన్నిసార్లు అడిగినా, "నీకెందుకే, నువ్వు సదువుకో" అనేది. నేర్పలేదు.

మంగళవారం నాకు ఆడపిల్ల పుట్టింది. గురువారం ఉదయం ఇంటికి తెచ్చారు.

లోపలి గదికి ఒకటే కిటికీ. చెక్క రెక్కలు, పైన గడియ. బాలింతకు గాలి తగలకూడదని అత్తమ్మ ఆ రోజే రెక్కలు మూసి, సందులన్నింటిలో ఉతికిన పాత చీర గుడ్డలు కుక్కింది. ఆమె కుక్కుతుంటే మంచం మీద నుంచి లెక్కపెట్టాను. ఏడు. తర్వాత పగలూ రాత్రీ నలభై క్యాండిల్ బల్బే వెలుతురు.

పిల్లకు పొద్దున నూనె, పసుపు పట్టించి స్నానం. సాయంత్రం మళ్లీ పసుపు. అత్తమ్మ చేతులు చాలా నెమ్మదిగా కదిలేవి.

"సూడు, నా మనుమరాలు బంగారం లెక్క మెరుస్తున్నది" అనేది. "ఏడుపు లేదు, లొల్లి లేదు. నీ మొగుడైతే పుట్టినప్పుడు గల్లీ మొత్తం లేపిండు."

నిజమే, పిల్ల ఏడవడం లేదు. నేను తలగడ కింద చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను. పాలు తాగినవి ఒక వరుస, గుడ్డలు తడిపినవి ఒక వరుస. గురువారం పాలు ఎనిమిది, తడి అయిదు. శుక్రవారం పాలు అయిదు, తడి మూడు. పెరగాల్సిన అంకెలు తగ్గుతున్నాయి.

అత్తమ్మకు చూపిస్తే నవ్వింది. "పిల్లను కన్నవా, పరీక్ష పెట్టినవా? నిద్రల పెరుగుతది, ఫికర్ చెయ్యకు."

అమ్మ ఉంటే అడిగేదాన్ని. ఆ నాలుగైదు రోజుల్లో ఎన్నిసార్లు అలా అనుకున్నానో మాత్రం నోటుబుక్కులో రాయలేదు. ఒకసారి తలుపు చప్పుడైతే, డ్యూటీ దిగి అమ్మే వస్తోందనుకుని మంచం మీద పక్కకు జరిగి చోటిచ్చాను. వచ్చింది అత్తమ్మ, కారప్పొడి అన్నంతో.

శుక్రవారం మధ్యాహ్నం కొంచెం కునుకు తీసి లేచేసరికి మంచం పక్కన పీట మీద రెండు గుడ్డలున్నాయి. కిటికీ సందుల్లోవి. మడత పెట్టి ఉన్నాయి. బల్బు వెలుతురులో సరిగ్గా చూడలేదు. అత్తమ్మ వచ్చి నేనే తీశాననుకుంది.

"ఉక్క పోస్తున్నదని తీసినవా? పచ్చి ఒళ్లు నీది, గాలి కొడితే జన్మంత నొప్పులే" అని వాటిని విప్పి మళ్లీ కుక్కింది. నేను తీయలేదన్నాను. నమ్మలేదు. ఆమె స్థానంలో నేనున్నా నమ్మేదాన్ని కాదు.

శనివారం అయిదో రోజు. పొద్దుటి నుంచి పిల్ల రెండుసార్లే పాలు తాగింది, అదీ రెండు మూడు గుక్కలు. ఒక్క గుడ్డే తడిపింది. అరికాలు గిల్లితే కళ్లు తెరిచి మళ్లీ మూసింది. పన్నెండుంబావుకు గడియారం చూశాను. ఎలా పట్టిందో నిద్ర పట్టింది.

ముఖం మీద వెచ్చగా తగిలి మెలకువ వచ్చింది. ఒంటిగంటకు అయిదు నిమిషాలు తక్కువ. కిటికీ రెక్క ఒకటి బార్లా తెరిచి ఉంది. నాలుగు రోజుల ముసురు తెరిపిచ్చి ఎండ వచ్చింది. ఎండ నేరుగా పిల్ల పాదాల మీద పడుతోంది.

పీట మీద ఏడు గుడ్డలు. ఒకదానిమీద ఒకటి, అంచులు సమానంగా. ఏ గుడ్డకూ మూల కనపడడం లేదు.

నాకు భయం వేయలేదు. ఆ మడతను చూడగానే నాకు గుర్తొచ్చింది అమ్మ మాట. పక్కింటివాళ్లు పసిపిల్లను చూపించడానికి వస్తే ముందు వాకిట్లోకి పట్టుకొచ్చేది. "దీపం కింద పిల్ల రంగు నమ్మొద్దు. పగటి వెలుతురుల చూడాలె" అనేది. పాదం మీద బొటనవేలితో నొక్కి వదిలి, అక్కడ తేలే రంగు చూసేది. "పాలు మానేసినా, మత్తుగ పండుకున్నా, గుడ్డలు తడవకున్నా రేపు చూద్దాం అనొద్దు. రేపన్నోళ్లను మస్తు మందిని చూసిన" అనేది.

నీళ్లలో ముంచిన గుడ్డతో పిల్ల అరికాలు తుడిచాను. గుడ్డకు పసుపు అంటింది. మళ్లీ తుడిచాను. మూడోసారి గుడ్డ తెల్లగానే ఉంది. అరికాలు మాత్రం పచ్చగానే ఉంది. నొక్కి వదిలితే ఇంకా పచ్చగా తేలింది.

అత్తమ్మను పిలిచాను. ఆమె ముందు కిటికీనే చూసింది.

"నేనిప్పుడే ఆసుపత్రికి పోవాలె, అత్తమ్మా."

"పురుడు కాకముందు గడప దాటుతవా? పదకొండు దినాలు కానియ్యి."

"పిల్ల పచ్చగున్నది."

"పసుపు పెడితే పచ్చగుండక నల్లగుంటదా?"

పిల్లను ఎత్తి ఎండలోకి తిప్పి, రెప్ప కొంచెం పైకి లాగి చూపించాను. తెల్లగుడ్డు పచ్చగా ఉంది.

"కండ్లకు మనం పసుపు పెట్టలేదు గద అత్తమ్మా."

ఆమె తలుపు పట్టుకుని నిలబడి చెప్పింది. "నా రెండో కొడుకును నాలుగో దినాన బయటికి తీస్కపోయిన. గాలి తాకింది, ఎనిమిదో దినం పోయిండు. గందుకే కిటికీ మూసిన. నీ మీద కోపంతోని కాదు."

ఆ మాట ఆమె అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. నేనేమన్నానో గుర్తులేదు. పిల్లను ఆమె చేతుల్లో పెట్టినట్టు మాత్రం గుర్తుంది. ఆమె ఇంకోసారి ఆ కళ్లు చూసి, పిల్లను దుప్పట్లో చుట్టి, గాలి సోకకుండా మడతలో ఇనుప తాళంచెవి ఒకటి దోపి, "రిక్షా పిలువు" అంది. నేను చేతికందిన గుడ్డలు సంచిలో వేసుకున్నాను. పీట మీదివి కూడా అందులోకి వచ్చాయి.

వాకిట్లో ఎదురు వాటా ముస్లిం పెద్దావిడ, మేమంతా ఖాలా అని పిలిచేవాళ్లం, బియ్యం ఏరుతోంది. మా కిటికీ ఆమె కూర్చున్న చోటికి నాలుగడుగులు. బయటి నుంచి ఎవరైనా కిటికీ తెరిచారా అని అత్తమ్మ అడిగింది.

"పదకొండు గంటల సంది ఈడ్నే కూసున్న. పిల్లి గూడ రాలే" అంది ఖాలా.

"పిల్లి అయితే గుడ్డలు మడత పెడ్తదా?" అంది అత్తమ్మ.

"మా ఇంట్ల మనుషులే పెట్టరు" అంది ఖాలా. ఆ తర్వాత పిల్ల ముఖం చూసి చేట పక్కన పెట్టి, మాకంటే ముందు రిక్షా కోసం నడిచింది.

అమ్మ పనిచేసిన ఆసుపత్రికే వెళ్లాం. లేడీ డాక్టరు పిల్లను విప్పి చూసి, నెత్తురు తీయించి, నా నోటుబుక్కు అడిగి తీసుకుని రెండు పేజీలూ చదివింది. "జాండిస్ మస్తు ఎక్కినది. ఇయ్యాల తెచ్చిన్రు, మంచి పని చేసిన్రు. రేపు తెచ్చుంటే నేను మాట ఇయ్యలేకపోతుంటి" అంది. పిల్ల కళ్లకు గంతలు కట్టి ట్యూబులైట్ల కింద పడుకోబెట్టారు. నాలుగు రోజులు. నాలుగో రోజు తడి గుడ్డలు ఏడయ్యాయి. ఆ రాత్రి వార్డంతా వినపడేలా ఏడ్చింది. అత్తమ్మ "ఇప్పుడు నా కొడుకు బిడ్డవే" అంది.

ఆ మొదటి సాయంత్రమే ఇంకొకటి జరిగింది. ఎల్లమ్మక్క అనే ఆయా, అమ్మతో కలిసి పనిచేసినామె, గుడ్డ కోసం నా సంచిలో చెయ్యి పెట్టింది. మడత బయటికి తీసి అటూ ఇటూ తిప్పింది. ఎదురుగా ఉన్న ఖాళీ మంచం మీదికి విసిరింది. విప్పుకోలేదు.

"గిది మీ అమ్మ మడతనే. మాకెవ్వరికి రాలే. నీకెప్పుడు నేర్పింది?"

"నేర్పలేదక్కా."

ఆమె దాన్ని విప్పకుండా తెచ్చి సంచిలో పెట్టి, వేరే గుడ్డ తీసుకుంది.

ఇంటికొచ్చాక టేపు పెట్టి కొలిచాను. నేల నుంచి కిటికీ గడియ ఆరడుగుల అయిదంగుళాలు. నా చేతులెత్తితే ఆరడుగుల ఒక అంగుళం. పీట ఎత్తు మూడంగుళాలే, ఎక్కినా అందదు; మంచం కిటికీకి దూరం. ఇంట్లో ఉన్న ఒక్క స్టూలు వంటింట్లో, పిండి డబ్బా కింద ఉంది. కుట్లతో ఉన్న నేను నిద్రలో లేచి చేశానని నా భర్త అన్నాడు. కావచ్చు. మరి నాకు రాని మడత నా చేతులకెలా వచ్చిందంటే ఆయన టేపు చుట్టి పక్కన పెట్టాడు.

మూడేళ్లకు రెండో పిల్ల పుట్టింది. అప్పటికి అత్తమ్మే గల్లీలో ఏ ఇంట్లో పురుడైనా వెళ్లి, పిల్లను వాకిట్లోకి తెమ్మని పోట్లాడేది. రెండోదాన్ని రోజూ ఆమె వెలుతురులో ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. పాలు సరిపోయాయి, తడి సరిపోయింది.

నేను మాత్రం ఒక పని చేశాను. స్టూలు ఎక్కి ఆ గది కిటికీ మూశాను. ఏడు సందుల్లో వేరే ఏడు గుడ్డలు నా చేత్తో కుక్కాను. పీట మంచం పక్కన పెట్టుకుని, స్టూలు వంటింట్లో పెట్టించి, పన్నెండుంబావుకు కళ్లు మూసుకున్నాను. మూడు మధ్యాహ్నాలు. మూడుసార్లూ లేచి చూస్తే పీట ఖాళీ. ఏడు గుడ్డలూ సందుల్లోనే ఉన్నాయి. పిల్ల బాగుంది. రావాల్సిన పని లేకపోయింది.

మూడో రోజు సాయంత్రం, పెట్టెలో దాచిన ఆ ఏడు పాత మడతల్లోంచి ఒకటి తీసి విప్పాను. ఎలా మడిచిందో చూసి నేర్చుకుందామనుకున్నాను. ఏ మడత తర్వాత ఏది విప్పానో కాగితం మీద బొమ్మ కూడా వేసుకున్నాను. తిరిగి వేయడం రాలేదు. చీకటి పడేదాకా ప్రయత్నించాను.

అది ఎవరు చేశారు, ఎలా జరిగింది అంటే ఇప్పటికీ చెప్పలేను. పెట్టెలో ఆరు మడతలున్నాయి. ఏడోది విడి గుడ్డ.