కొట్టేసిన ఏడు

నిన్న కుట్టుమిషన్‌కు నూనె వేస్తుంటే, ఆ వాసనకు ఫ్రెంచివాళ్లు పుదుచ్చేరిని అప్పగిస్తున్న రోజులు గుర్తొచ్చాయి. అత్త నా యూనిఫాం సగం కుట్టేసరికి మిషన్ బిగుసుకుపోయింది. సోమవారం యూనిఫాం లేకపోతే నన్ను ఇంగ్లీషు బడిలోకి రానివ్వరు.

ఫ్రెంచి బడిలో చదివిన తాత తొమ్మిది స్క్రూలు ఊడదీసి, ఒక్కోదాన్ని కాగితంలో చుట్టి, వరుసగా అంకెలు వేశాడు. నూనె పెట్టాక, చివరి నుంచి అందించడం నా పని. తొమ్మిది, ఎనిమిది సరిపోయాయి. ఏడు దూరనే లేదు. మూడుసార్లు విప్పి మళ్లీ బిగించాం.

"ఇప్పేటప్పుడు తాతకీ మనవరాలికీ యాడలేని హుషారు! ఇంక చేత్తో కుట్టేదేనా?" అంది అత్త.

"పాపా, నువ్విచ్చింది ఏడేనా?" అన్నాడు తాత.

"ఏడే తాతా. ఇంకో పొట్లం ఉంది గానీ, దాని అంకె నువ్వే కొట్టేసినావు."

తాత రెండు పొట్లాలూ చూసి పకపకా నవ్వాడు. "కొట్టేసేది ఏందే! మా ఏడుకు నడుమ గీత ఉంటాది. నువ్విచ్చింది ఒకటి!"

పైన పొడుగాటి కొక్కెంతో ఆయన వేసిన ఒకటి అచ్చం మా బడి ఏడులా ఉంది.

సోమవారం కొత్త యూనిఫాంతో వెళ్లాను. లెక్కల టీచరు ఎన్నిసార్లు తప్పు వేసినా, నేటికీ నా ఏడుకు నడుమ గీత ఉంటుంది.