మైలుతుత్తం మూటకు పసుపు బొట్టు

మా ఇంటి ఏడు బస్తాల సోయా విత్తనాన్ని ఒక్క పూటలో, ఒక్క డ్రమ్ములో ముంచి చంపబోయిన ఘనుణ్ణి నేనే. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా బాపు ముందు మాత్రం ఈ సంగతి ఎత్తకండి. ఆయన మొదటినుంచీ మళ్లీ చెప్తాడు.

అప్పుడు నేను కరీంనగర్‌లో ఎమ్మెస్సీ బాటనీ చదువుతున్నాను. రాగి, సీసం లాంటి భార లోహాలు ఎక్కువైతే గింజ మొలకెత్తడం ఎలా దెబ్బతింటుందన్నది నా ప్రాజెక్టు. సెలవులకు ఇచ్చోడ దగ్గర మా ఊరికి వస్తూ మైలుతుత్తం పొట్లం వెంట తెచ్చుకున్నాను. అందులో ఉండేది రాగే కదా!

మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు ముందు మా బాపు ఇంటి విత్తనాన్ని పరీక్షిస్తాడు. వంద గింజలు లెక్కపెట్టి, తడి గోనెగుడ్డలో చుట్టి, నీళ్ల గోలెం పక్కన నీడలో పెడతాడు. విత్తనమంటే లక్ష్మి కాబట్టి మా అవ్వ, అంటే అమ్మ, ఆ మూటకు పసుపు బొట్టు పెడుతుంది. అయిదో రోజు విప్పి, మొలకలు చూసి, విత్తాలో వద్దో తేలుస్తాడు.

నేనూ అవే గింజలు వంద తీసుకుని, తుత్తం నీళ్లలో తడిపి, అలాంటి మూటే కట్టి దాని పక్కన పెట్టాను. ఆ లేత నీలం గోనె రంగులో కలిసిపోయింది. చీటీ కట్టమని మా ప్రాజెక్టు సారు వందసార్లు చెప్పారు. కుడివైపుది నాది, ఎడమవైపుది బాపుది, ఈ మాత్రం గుర్తుండదా అనుకున్నాను. చివర్లో, ఎందుకైనా మంచిదని నా మూటకూ ఇంత పసుపు పూశాను. సైన్సు చదివినవాణ్ణే, కానీ మార్కుల భయం ముందు సైన్సెంత?

మధ్యలో అవ్వ గోలెం కడిగి, మూటలు తీసి మళ్లీ పెట్టింది. ఆ సంగతి నాకు తెలియదు.

అయిదో రోజు పొద్దున బాపు ఎడమవైపు మూట విప్పి కూలబడ్డాడు.

"సచ్చిందిరా! మొత్తం సచ్చింది! గింజ ఉబ్బింది గని వేరు రాలే. వచ్చిన రెండు మూడు గూడ నల్లవడ్డయి. మిరుగం మీదికొచ్చె, ఇప్పుడేం ఇత్తాలె?"

ఆయన మొహం చూసి గబగబా కుడివైపు మూట విప్పాను. తెల్లగా, పొడుగ్గా, ఎక్కడ చూసినా మొలకలే! నాకేమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు నోరు మూసుకోవాలని అప్పటికి నాకింకా తెలియదు.

సారుకు ఫోన్ చేశాను. "సార్, తుత్తంల నానవెడ్తె సచ్చిన గింజ గూడ మొలుస్తుంది!"

"రాగి ఎక్కువైతే ముందు దెబ్బతినేది వేళ్లేరా. ఏది ఏదో మళ్లీ చూసుకో!"

సారుకు వయసు మీద పడిందనుకున్నాను.

"బాపు, ఫికర్ జెయ్యకు! విత్తనమంతా తుత్తం నీళ్లల ముంచుదాం."

"నిజమేనారా?"

"నేను సదివేది గిదే గద!"

పాపం, ఆ మాట నమ్మాడు. డ్రమ్ములో నీళ్లు నింపాడు. పొట్లమంతా ఒంపేశాను. మొదటి గంప ముంచి, రెండోది ఎత్తేసరికి అవ్వ వచ్చింది.

"ఆగుండ్రి! గీ సచ్చిన మూటకు బొట్టెవలు వెట్టిండ్రు?"

"నువ్వే గదనే," అన్నాడు బాపు.

"నేను మూడు వేళ్లతోని మూడు గీతలు వెడ్త. గిదేంది, గోడకు పిడక గొట్టినట్టున్నది?"

బాపు నా వైపు చూశాడు. నేను గోలెం వైపు చూశాను.

"అది... నాదే, బాపు."

"అంటే నా విత్తనం మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నది."

ఆయన గంప కింద పెట్టి, అక్కడే కూర్చుని, తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఈ గొడవలో ముంచిన గంపను ఎవరూ బయటికి తియ్యలేదు. సాయంత్రానికి గుర్తొచ్చింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నా చదువుకు మతితో పాటు గంపెడు సోయా కూడా పోయింది.

"పారెయ్యకు," అన్నాడు బాపు. "చేను మూలకు నువ్వే ఎయ్యి. సూద్దాం."

వానలు పడ్డాయి. చేనంతా పచ్చగా లేచింది, ఆ మూల తప్ప. చూడవచ్చిన వాళ్లు అడిగేవారు: "గక్కడేందే, బోడిగున్నది?"

"గదా? గది మావోని ఎమ్మెస్సీ!"

అందుకే మా గోలెం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో చీటీ లేకుండా మూట కట్టను, పసుపు డబ్బా జోలికి పోను. బొట్టు తప్పదనుకుంటే, మా అవ్వనే పిలుస్తాను.