ముద్ర దగ్గర ఆగిన గిటారు

మొన్న హనుమకొండ చౌరస్తాలో ఆటో ఎక్కితే, డ్రైవరు ఫోన్‌లో మా మేనకోడలి పాట వస్తోంది. ఆ పిల్లతో గొంతు కలిపినవాడు డోర్నకల్ పిల్లవాడు, రైల్వే క్వార్టర్లలో పెరిగినవాడు. ఎవరి పాటలు వాళ్లు కట్టుకుని విడివిడిగా పాడుకునే ఆ ఇద్దరూ ఇకమీదట జంటగా పాడతామన్న రోజున నాకు పుట్టిన అనుమానం, చింతకాయ పులుపులా ఇప్పటికీ పళ్లను వదల్లేదు.

మాది బట్టల దుకాణం. పైగదిలో శనివారం శనివారం భజన. మా ఇంట్లో ఉండి చదువుకున్న ఆ పిల్లకు పురాణ పద్యాలూ తాళమూ నేర్పింది అక్కడే. భజనలో ఒక మర్యాద ఉంది. చివరి చరణంలో పాట కట్టినవారి ముద్ర, అంటే వారు తమకు పెట్టుకున్న పేరు, రాగానే తాళాలు ఆపి తల వంచుతాం. దేవుణ్ణి పాడినవారికి పెట్టని దండం దేవుడికీ అందదని మా గురువుగారు చెప్పేవారు. మా పిల్ల కూడా ప్రతి పాటనూ ‘ఓరుగల్లు పిల్ల’ అన్న ముద్రతోనే ముగించేది. జంటగా కట్టిన పాటను మొదటిసారి ఫోన్‌లో వినిపించినప్పుడు మాత్రం ఆ ముద్ర లేదు.

“నీ పేరేదే?” అన్నాను.

“ఆఖరు చరణం ఇంకా కుదుర్లే అత్తా. జర ఆగు.”

“ఆగితే వాడే మింగుతడు. పాట నీది, పేరు వానిది అయితది. రికార్డింగుకు పంపేది లేదు.”

“గట్లైతే నువ్వే ఇను. శనివారం పిలుస్తా.”

ఆ శనివారం డోర్నకల్ పిల్లవాడు వచ్చాడు. చెప్పులు మెట్ల కిందే విడిచాడు. మంచి వేషమే అనుకున్నాను. ప్రసాదం కళ్లకద్దుకున్నాడు, ఎవరు నేర్పి పంపారో అనుకున్నాను. శరణన్నవాణ్ణి దేవుడు వెంటనే నమ్ముతాడు, కాపలా కాయాల్సింది భక్తులే. వాడి గిటారుతో ఇద్దరూ ఎత్తుకున్న పాట ఆఖరు చరణానికి వచ్చింది. ‘ఓరుగల్లు పిల్ల’ అన్న మాట పిల్ల పలకలేదు, వాడు పలికాడు. పలికి, తీగల మీద అరచెయ్యి వేసి గిటారు ఆపి, తల వంచాడు. తర్వాతి పాదంలో ‘డోర్నకల్ పోరడు’ అని వాడి ముద్రను మా పిల్ల పలికింది. భజనకు వచ్చిన ఆడవాళ్లందరూ తల వంచారు. నేనూ వంచాను, ఒక కన్ను వాడి మీదే ఉంచి.

“ఇది ఏడ నేర్చినవ్ బిడ్డా?”

“కింద మెట్లమీద కూసొని ఇన్న అత్తమ్మా, మీ శనివారం భజనలు.”

“ఎవలకురా అత్తమ్మ?”

ఆడవాళ్లు ఒకటే నవ్వు. రికార్డింగుకు పొమ్మన్నాను. ఆ అత్తమ్మ సంగతి మాత్రం నాకింకా తేలలేదు.

“ఎవలు పాడుతాండ్రో ఎరికేనా?” అని ఆటో డ్రైవరును అడిగాను.

“ఎవలో అమ్మా. మంచిగున్నది.”

ముద్ర వచ్చింది, గిటారు ఆగింది. హ్యాండిల్ మీద తాళం వేస్తున్న అతని వేళ్లూ ఆగాయి. కాలం పేర్లను తుడుచుకుంటూ పోతుందని తెలుసు. పేరు దగ్గర ఆగే మర్యాదను మాత్రం, ఆ పేరు ఎవరిదో తెలియనివాళ్ల చేతికి కూడా అప్పగించి పోతుంది.