బియ్యం డ్రమ్ములో పెళ్లిళ్లు

అప్పట్లో నాకు ఏదీ పారేయడం చేతనయ్యేది కాదు. ఇప్పటికీ చేతకాదనుకోండి, కాకపోతే ఆ రోజుల్లో దాచుకోవడానికి ఓపిక ఉండేది, ఇప్పుడు దాచినదాన్ని మోయడానికే ఓపిక చాలడం లేదు. ఫోనులో చోటు నిండిపోయిందని గోల పెడుతుంటే, ఏది చెరపాలో చూద్దామని కూర్చుని, అరగంట సేపు పాత ఫొటోలన్నీ తిరగేసి, చివరికి ఒక్కటీ చెరపకుండా ఫోను పక్కన పెట్టేసే అలవాటు మీకుంటే నా బాధ మీకు చెప్పనక్కర్లేదు. లేనివాళ్లు అదృష్టవంతులు. ఈ కథ వాళ్లకోసమే.

చదువు అయ్యీ అవకుండానే నేను గుడివాడలో ఒక పెళ్లి వీడియోల స్టూడియోలో చేరాను. ఇల్లు మచిలీపట్నంలో (మేం బందరనే అంటాం, రైలు టిక్కెట్టు మీద తప్ప ఆ పెద్ద పేరుతో మాకు పనిలేదు). పొద్దున్నే పాసింజరు ఎక్కి వెళ్లేవాణ్ణి. ముహూర్తాలున్నన్నాళ్లు కెమెరా మొయ్యడం, మూఢం వచ్చాక కంప్యూటరు ముందు కూర్చుని తీసినదంతా కత్తిరించి డీవీడీలు చెయ్యడం, ఇదీ నా పని. యజమానిని అందరం స్టూడియో బాబాయి అనేవాళ్లం. మంచివాడే, కాకపోతే జాలి లేని మంచివాడు. పెళ్లివారికి డీవీడీ అందిన మర్నాడే నా వెనక నిలబడి, "డెలివరీ అయిందా? అయితే లేపెయ్" అనేవాడు. లేపెయ్ అంటే, రెండు రోజులపాటు నేను నడుం పడిపోయేలా తీసినదంతా కంప్యూటర్లోంచి తుడిచేసి, తర్వాతి పెళ్లికి చోటు చెయ్యమని. ఒకసారి ఉయ్యూరు పెళ్లిలో ఒక ముసలావిడ మంగళహారతి పాడింది. పళ్లు లేవు, శ్రుతి లేదు, కానీ పందిరంతా మాటలు మానేసి విన్నారు. డీవీడీలో అది సగమే పట్టింది.

"బాబాయ్, మిగతా సగం కూడా ఉంచుదాం" అన్నాను.

"వాళ్లకి సగం చాల్లే. మిగతాది నీకు కావాలా?"

"కావాలి బాబాయ్."

"అయితే ఇంటికి పట్టుకుపో. నా మిషన్‌లో మాత్రం కనిపించకూడదు."

ఆ మాట ఆయన ఎందుకన్నాడో, నేను ఎందుకు విన్నానో గానీ, ఆ రోజు నుంచి కృష్ణా జిల్లా కింది సగంలో జరిగిన పెళ్లిళ్లన్నీ మా ఇంట్లో కాపురం పెట్టాయి. జీతం రాగానే ఒక హార్డ్ డిస్కు కొనేవాణ్ణి. అది నిండేది. ఇంకోటి కొనేవాణ్ణి. తోటివాళ్లు చొక్కాలు కొనుక్కున్నారు, బళ్లు కొనుక్కున్నారు, నేను మాత్రం పేరు కూడా తెలియని వాళ్ల తలంబ్రాలకు చోటు కొన్నాను. ఒకటి పాడైతే ఎలాగని ప్రతిదానికీ ఇంకో కాపీ తీసేవాణ్ణి. కాపీ అయ్యేదాకా పక్కనే కూర్చునేవాణ్ణి. గిన్నెలో పాలు పొంగుతాయేమోనని చూసినట్టు ఆ తెర మీద నెమ్మదిగా నిండే గీతను చూస్తూ నా ఆదివారాలు ఎన్ని పోయాయో.

ఇదిలా ఉండగా బందరు గాలి సంగతి మీకు చెప్పాలి. సముద్రం పక్కన ఊరు. కిటికీ చువ్వల దగ్గర్నుంచి తలుపు గడియల దాకా అన్నింటినీ తుప్పు తినేస్తుంది. రెండు డిస్కులు వరసగా మూగబోయేసరికి నేను ఇంట్లో మనిషి పోయినంత దిగులుగా కూర్చున్నాను. అమ్మకి డిస్కుల గురించి తెలియదు గానీ చెమ్మ గురించి తెలుసు. "తడి తగలకూడదంతేగా, బియ్యం డ్రమ్ములో పెట్టు" అంది. ఒక్కోదాన్నీ కడిగి ఆరబెట్టిన పాలకవరులో చుట్టి, పురికొస కట్టి, మధ్య మధ్య వేపాకు వేసి డ్రమ్ములో పాతిపెట్టాం. అది మొదలు మా ఇంట్లో అన్నం వండాలంటే ఏదో ఒక పెళ్లిని పక్కకు జరపాల్సి వచ్చేది. వంటింట్లోంచి అమ్మ, "ఒరే, ఇవాళ పెదపారుపూడి వాళ్లు చేతికి తగిలారు, వాళ్లని అడుగుకి తోసెయ్యనా?" అని అడిగేది. ఆ ప్రశ్న మాకు ఎప్పుడూ వింతగా అనిపించలేదు.

మాట పాకింది. పాకించింది స్టూడియో బాబాయే. ఎవరైనా డీవీడీ పాడైందని వస్తే, "బందరబ్బాయింటికి వెళ్లండి, వాడు దేన్నీ చంపడు" అని పంపేసేవాడు. ఇక ఆదివారం వస్తే చాలు, మా వరండాలో చెప్పులే చెప్పులు. పెళ్లినాడు తప్పిపోయిన దూడ ఎటు వెళ్లిందో వీడియోలో కనిపిస్తుందేమోనని వచ్చినవాడున్నాడు. తనకు అప్పట్లో జుట్టు ఉండేదని పెళ్లానికి చూపించుకోవడానికి వచ్చినవాడున్నాడు. అందరికీ అమ్మ మంచినీళ్లు, టీ. నేను డ్రమ్ములో మోచేతిదాకా చెయ్యి పెట్టి తడుముతూ ఉండేవాణ్ణి. పుణ్యమో పురుషార్థమో తెలియదు గానీ అలసట మాత్రం నాదే.

అలా ఒకరోజు దివిసీమ నుంచి ఒకావిడ వచ్చింది. అవనిగడ్డ దాటాక వాళ్ల ఊరట. యాభై దాటి ఉంటాయి. కూర్చోమంటే గుమ్మం పక్కనే కూర్చుంది.

"పెళ్లిళ్లు దాచే అబ్బాయివి నువ్వేనా బాబూ?"

"నేనేనండీ అత్తయ్యగారూ. ఏ పెళ్లండీ?"

"మా తమ్ముడి కూతురిది. అరిటితోట పక్కన పందిరేశారు చూడు, నువ్వే తీశావు. ఆ రోజు మా ఆయన్ని భోజనానికి పిలవలేదట. మా ఆయన ఎంగిలిపడకుండా వచ్చేశాడు. మా తమ్ముడేమో నేను పిలిచాను, బావే వినిపించుకోలేదంటాడు. అప్పట్నుంచి రాకపోకలు లేవు. మా నాన్న పోతే మా ఆయన వచ్చి వానలో రోడ్డు మీదే నిలబడి వెళ్లిపోయాడు బాబూ, గుమ్మం ఎక్కలేదు. వచ్చే నెల ఆ పిల్ల బిడ్డకి అన్నప్రాశన. నేను వెళ్లాలి" అంది.

"నన్నేం చెయ్యమంటారండీ?"

"పిలిచాడో లేదో చూపించు. పిలిస్తే మా ఆయన నోరు మూసుకుంటాడు. పిలవలేదని తేలితే మా తమ్ముడు వచ్చి తప్పయిందంటాడు. ఇద్దరి చేతా ఒప్పించాను. నా వల్ల ఇంక కాదు, నువ్వే తేల్చాలి."

ఇన్ని పెళ్లిళ్లు దాచినవాణ్ణి, ఒక పిలుపు నా దగ్గర దొరకదా అనుకున్నాను. "ఏదీ పోదండీ నా దగ్గర" అని గొప్పగా చెప్పాను. ఆవిడ మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూశాకే నాకు భయం మొదలైంది.

ఆదివారం పొద్దున్నే దిగారు. భర్త రొయ్యల వ్యాపారి, నేను మనసులో ఆయనకు రొయ్యల మావయ్య అని పేరు పెట్టుకున్నాను. తెల్లచొక్కా, పెద్ద మీసం, దేన్ని చూసినా నాణ్యం చూసినట్టే చూసేవాడు. తమ్ముడు అరిటితోట మావయ్య, బక్కపలచని మనిషి, విడిగా బస్సులో వచ్చాడు. మా ముందుగది చిన్నది, అయినా ఆ ఇద్దరూ అందులో వీలైనంత దూరంగా కూర్చున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడరు. ఏదైనా ఉంటే ఆవిడకి చెబుతారు, ఆవిడ నాకు చెబుతుంది.

"ఇందులో ఏమీ కత్తిరించలేదు కదా, అడుగు" అన్నాడు రొయ్యల మావయ్య.

"కత్తిరించలేదండీ, తీసింది తీసినట్టే ఉంది" అన్నాను నేరుగా.

డ్రమ్ములోంచి ముందు ఎవరిదో ఉపనయనం వచ్చింది. తర్వాత ఇంకెవరిదో గృహప్రవేశం. చివరికి అమ్మే అడుగునుంచి అసలుది తీసి, కొంగుతో తవుడు తుడిచి నా చేతికిచ్చింది. కంప్యూటరుకి తగిలిస్తే అది బల్లి అరిచినట్టు టిక్కుటిక్కుమని ఊరుకుంది. మళ్లీ పెట్టాను. మళ్లీ టిక్కుటిక్కు. ఆవిడ నా వైపు చూడకుండా గోడ వైపు చూస్తోంది. తీగ మార్చి, దేవుడికి దణ్ణం పెట్టుకుని మళ్లీ తగిలిస్తే, ఏమనుకుందో ఏమో, తెరుచుకుంది.

ఆ కంప్యూటరులో వీడియోని ముందుకు జరిపితే బిగుసుకుపోయేది. పైగా రొయ్యల మావయ్య, "దాటెయ్యొద్దను, దాటేసిన చోటే ఉంటుంది" అన్నాడు. కాబట్టి పందిరి రాట దగ్గర్నుంచీ చూశాం. వచ్చే ప్రతి కారునూ చూశాం. పెళ్లికూతురు గోళ్లరంగు ఆరబెట్టుకోవడం మొత్తం చూశాం. నడుమ కరెంటు పోయి వచ్చింది, మళ్లీ మొదట్నుంచీ చూశాం. రెండోసారి చూసేటప్పుడు అరిటితోట మావయ్య, "ఆ గళ్ల చొక్కా మనిషెవరక్కా?" అన్నాడు. ఆవిడకి తెలియలేదు. "పాలకాయతిప్ప దగ్గర మన వల పట్టుకొచ్చాడే, అతను" అన్నాడు రొయ్యల మావయ్య, తెరకేసి చూస్తూ. చెప్పింది ఎవరికో మాత్రం తేలలేదు.

తలంబ్రాలు అయ్యాయి. ఇక భోజనాలు. అందరూ కొంచెం ముందుకు జరిగారు. నేనూ జరిగాను.

తెర ఒక్కసారి ఊగి, ఆకాశం చూపించి, కుదురుకుంది. ఎదురుగా ఒక అరిటాకు. ఆ ఆకు ముందు నేను.

సంగతి నాకు అప్పుడు వెలిగింది. పొద్దుట్నుంచీ ఏమీ తినక కళ్లు తిరుగుతుంటే, కెమెరా కళ్లెదుట ఉంటుందని ఎదురుగా కుర్చీలో పెట్టి నేను బంతిలో కూర్చున్నాను. ఆపడం మర్చిపోయాను. మొత్తం బంతి భోజనంలో కెమెరాకు దొరికిన మనిషిని నేనొక్కణ్ణే.

తెర మీద నేను పులిహోర తిన్నాను. గారెలు వేయించుకున్నాను. వడ్డించేవాడు వెళ్లిపోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి మళ్లీ వేయించుకున్నాను. ఆపమంటారా అని అడిగాను గానీ, "ఉండనీ" అన్నాడు రొయ్యల మావయ్య. ఆయన మొదటిసారి సూటిగా నాతోనే మాట్లాడాడు.

"నిన్ను ఎవరు పిలిచారు బాబూ భోజనానికి?"

"ఎవరూ పిలవలేదండీ. ఆకలేసి నేనే కూర్చున్నాను."

"చూశావా అక్కా, పిలవకపోయినా కూర్చుని తిన్నాడు" అన్నాడు అరిటితోట మావయ్య.

"అతను కెమెరా అబ్బాయి. నేను ఇంటల్లుణ్ణి" అన్నాడు రొయ్యల మావయ్య.

నేను పెరుగన్నంలోకి వచ్చేసరికి పక్కనుంచి ఒక ముసలి గొంతు వినిపించింది. మనిషి కనిపించలేదు. "ఒరే, అల్లుడు తిన్నాడా? ముందు అల్లుణ్ణి చూడండ్రా" అంది ఆ గొంతు. దానికి ఎవరో ఏదో జవాబు చెప్పారు. సరిగ్గా అప్పుడే బ్యాండువాళ్లు అందుకున్నారు. జవాబు అందులో కలిసిపోయింది.

"నాన్న" అంది ఆవిడ.

మళ్లీ వెయ్యమని ఎవరూ అడగలేదు. నేనే ఆపేశాను. రొయ్యల మావయ్య మీసం మీద చెయ్యి వేసుకుని తెరకేసే చూస్తున్నాడు, తెర మీద అరిటాకు ముందు వంగిన నా తల తప్ప ఏమీ లేదు. అరిటితోట మావయ్య కండువాతో కళ్లద్దాలు తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. నాకు చెప్పలేనంత సిగ్గేసింది. ఇంత దాచి, ఇంతమందిని మోసి, తీరా అవసరమైన చోట దాచింది నా గారెలనా అనిపించింది.

అప్పుడు అమ్మ వంటింట్లోంచి వచ్చి, మామిడికాయ పప్పు చేశాను, లేవండి అంది. ఎవరు ముందు లేవాలో ఎవరికీ తెలియలేదు. కాసేపటికి అరిటితోట మావయ్య లేచాడు. గది ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగడుగులు కూడా ఉండవు గానీ, వెళ్లడానికి చాలాసేపు పట్టినట్టుంది.

"లే బావా. చల్లారిపోతుంది."

రొయ్యల మావయ్య తలెత్తి చూశాడు. "ఇది పిలవడమేనా?"

"పిలవడమే."

"మళ్లీ నేనే వినిపించుకోలేదంటే?"

"అననులే, నడు."

ఆయన లేచి పంచె సవరించుకుని, నా దగ్గర ఆగాడు. "నువ్వూ రా బాబూ. నువ్వు తింటుంటే చూసేవాళ్లకి కూడా ఆకలేస్తుంది" అన్నాడు. ఆవిడ మాత్రం మా వంటింటి గుమ్మంలో నిలబడి, ఇద్దరూ పక్కపక్కన కూర్చునేదాకా చూసి, అప్పుడు లోపలికి వెళ్లి అమ్మ చేతిలోంచి గరిటె తీసుకుంది. అన్నప్రాశనకి వెళ్లిందని తర్వాత తెలిసింది. రొయ్యల మావయ్య ఒక ఐసు పెట్టె నిండా రొయ్యలు పంపించాడు. వాటిని ఏ డ్రమ్ములోనూ దాచలేం కాబట్టి వీధంతా పంచాం.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. స్టూడియో బాబాయి కొట్టు మూసేశాడు. పెళ్లిళ్లు ఇప్పుడు ఎవరి ఫోనుల్లో వాళ్లకే ఉన్నాయి, నా కోసం ఎవరూ రావడం లేదు. అయినా ప్రతి వేసవిలోనూ, వానలు పడేలోగా, పాత డిస్కుల్లోవి కొత్తవాటిలోకి ఎక్కిస్తూ కూర్చుంటాను. మా ఆవిడ, "ఎవరి కోసమండీ ఇదంతా?" అని అడుగుతుంది. కళ్లు లాగుతాయి, మెడ పట్టేస్తుంది, ఒక్కోసారి ఒకటి నోరు తెరవకుండానే పోతుంది, దాన్ని చేతిలో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంటాను.

ఇన్ని వేల గంటల్లో అందరూ ఉన్నారు. కెమెరా వెనక ఉండేవాణ్ణి కాబట్టి నేను మాత్రం ఎక్కడా లేను, ఆ దివిసీమ భోజనంలో తప్ప. ఈ మధ్య అది ఎక్కించేటప్పుడు మొత్తం చూశాను. బక్కగా ఉన్నాడు కుర్రాడు. చొక్కా మెడ దగ్గర చిరిగింది. లోకంలో ఆ ఆకు తప్ప ఇంకేమీ లేనట్టు తింటున్నాడు (నూనె వస్తువులు మానెయ్యమని డాక్టరు నాకు చెప్పి కొన్నాళ్లయింది). ఇంత బరువు నెత్తికెత్తుకోబోతున్నాడని వాడికి తెలియదు. ఒక్కసారన్నా తలెత్తి ఇటు చూస్తే ఏదైనా చెబుదామనిపించింది. ఏం చెప్పాలో ఎంత ఆలోచించినా తోచలేదు. ఇంకో గారె వేయించుకోరా అంటానేమో, అంతే.