పాపాలు పంచిన రోజు

నా చిన్నప్పుడు మా బడిలో జరిగిన ఒక సంగతిని మా విచారణలో, అంటే మా చర్చి కిందికి వచ్చే నాలుగు ఊళ్ళలో, ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. పెళ్ళిళ్ళలో చెబుతారు, పండగ భోజనాల దగ్గర చెబుతారు. కొత్తగా వచ్చిన స్వాములవారికి కూడా ఎవరో చేరవేస్తే ఆయన దాన్ని ఆదివారం ప్రసంగంలో వాడుకున్నారు. ఎవరు చెప్పినా సగంలోనే ఆపుతారు. పిల్లలు పాపాలు పంచుకున్నారు అనేదాకా వచ్చి, నవ్వేసి, విస్తరాకు మడిచి లేచిపోతారు. తర్వాత జరిగిందంతా తెలిసినవాళ్ళం ఇప్పుడు ఇద్దరమే మిగిలాం. ఆ రెండో మనిషి కాగితం కలం పట్టుకునే రకం కాదు. వినీ వినీ విసుగెత్తి, నేనే రాయడానికి కూర్చున్నాను.

నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ తర్వాత చదివిందంతా పట్నంలోని శాఖా గ్రంథాలయంలోనే. పిల్లలకు మతం ఎలా బోధించాలన్న దాని మీద అక్కడ దొరికిన పుస్తకాలన్నీ చదివాను, కొన్ని రెండుసార్లు. ఏ వయసులో ఏది చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో పెద్ద పెద్దవాళ్ళు అధ్యాయాలకు అధ్యాయాలు రాశారు. పాపసంకీర్తనంలో, అంటే చేసిన పాపాలు స్వాములవారి దగ్గర చెప్పుకునేటప్పుడు, విన్నదాన్ని బయటపెట్టకూడదన్న కట్టడి స్వాములవారికే గాని చెప్పుకున్నవాళ్ళకు లేదని కూడా అక్కడే చదివాను. అది చదవకపోయి ఉంటే ఇది రాసే ధైర్యం నాకు ఉండేది కాదు. అయితే మా చిన్నప్పుడు మతపాఠం చెప్పిన ఉపదేశి మాస్టారు నాకు నేర్పింది మాత్రం ఆ పుస్తకాలలో ఎక్కడా కనబడలేదు.

మా ఊరికి సముద్రం దగ్గర. ఒక పక్క ఉప్పు మళ్ళు, ఇంకో పక్క సరుగుడు తోపు, మధ్యలో చర్చి, దాన్ని ఆనుకుని తాటాకు కప్పిన మిషను బడి. అయిదు తరగతులకూ కలిపి ఇద్దరే మాస్టర్లు. ఒకాయన హెడ్మాస్టరు. రెండో ఆయన మా ఉపదేశి. పగలంతా తెలుగూ లెక్కలూ చెప్పేవారు. పొద్దున్నే గంట కొట్టకముందు క్యాథలిక్ పిల్లలను వేరుగా కూర్చోబెట్టి జ్ఞానోపదేశం చెప్పేవారు. ఆ గంట ఆయన సహనానికి పెద్ద పరీక్ష. మిగతా పిల్లలు బయట ఇసుకలో గంతులు వేస్తుంటే మా చెవులన్నీ అటే ఉండేవి. దేవుడు అంతటా ఉన్నాడని ఆయన చెబితే, ఉప్పు మళ్ళలో కూడా ఉంటాడా, ఆయన కాళ్ళు పగలవా అని ఒకడు అడిగేవాడు. ఆయన కళ్ళు మూసుకుని, "ఉంటాడు నాయనా, నువ్వు ఊరుకో," అనేవారు. మరునాడు వాడే మళ్ళీ అదే అడిగేవాడు.

ఆయనకు ఒక పట్టింపు ఉండేది. సొంతంగా నాలుగు మాటలు రాయమన్నప్పుడు రెండు పలకల మీద ఒకే మాటలు కనబడితే, ఎవరు ఎవరిని చూసి రాశారని అడిగేవారు కాదు. ఇద్దరికీ చెరో బెత్తం దెబ్బ పడేది. ఆ దెబ్బ మా అందరికీ అరచేతి మీద కంఠస్థమై పోయింది.

ఆ ఏడు మొదటిసారి దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో స్వాములవారు నాలుక మీద పెట్టే అప్పం, తీసుకోవలసిన పిల్లలం తొమ్మిదిమందిమి తేలాం. శనివారం పాపసంకీర్తనం, ఆదివారం సత్ప్రసాదం. మా అమ్మ నెల్లూరు నుంచి తెల్లగుడ్డ తెప్పించి నాకు గౌను కుట్టించింది. దాన్ని రోజుకొకసారి పెట్టె తెరిచి చూసుకునేదాన్ని. ఆ వారమంతా ఉపదేశి మాస్టారు ఒకే మాట చెప్పారు. ఎవరి పాపాలు వాళ్ళు వెతుక్కోండి, వాటిని స్వాములవారికి తప్ప ఇంకెవరికీ చెప్పకండి, మీ అమ్మ అడిగినా చెప్పకండి. మేమంతా తలలు ఊపాం. తల ఊపడంలో మాకు ఎప్పుడూ లోటు లేదు.

జపాల పుస్తకం ఒక్కటే ఉండేది. తప్పుల్లేకుండా చదవగలిగినదాన్ని నేను గనక అది నా చేతిలోనే ఉండేది. అందులో ఆత్మశోధన అని ప్రశ్నల వరస ఒకటుంది. దేవుని నామాన్ని వ్యర్థంగా పలికావా, ఆదివారం పూజ మానావా, తల్లిదండ్రులను ఎదిరించావా, ఎవరినైనా కొట్టావా, ఇలా పోతుంది. గురువారం సాయంత్రం సరుగుడు తోపులో కూర్చుని అది చదువుతుంటే నాకు ఒక భయం పట్టుకుంది. తొమ్మిదిమందిమీ పోయి స్వాములవారికి ఒకే పాపం చెబితే, ఒకరిని చూసి ఒకరు చెప్పామని ఆయన అనుకోరా? మా మాస్టారి బెత్తమే అంతుంటే స్వాములవారిది ఇంకెంత ఉంటుందో. ఈ మాట అనగానే అందరికీ ముచ్చెమటలు పోశాయి. దారి కూడా నేనే చూపించాను. మనిషికొక పాపం చొప్పున పంచేస్తే సరిపోతుంది.

పంచడం మొదలుపెట్టాక తెలిసింది, అది ఎంత తలనొప్పి పనో. అందరికీ తల్లిదండ్రులను ఎదిరించడమే కావాలి.

"అది వేరేవాళ్ళకు ఇచ్చేసినాను," అన్నాను ఉప్పు మేస్త్రీ కొడుకుతో.

"నిన్న మా నాయన్ని ఎదిరించింది నేను మే. కావాలంటే వీపు చూడు," అని చొక్కా ఎత్తి చూపించాడు.

"అయితే ముందు రావాల్సింది."

వాడు గొణుక్కుంటూ కొట్లాట పాపం తీసుకున్నాడు. అది కూడా వాడికి బాగానే అతికింది. నేను మాత్రం ముందుగానే జపం చేసేటప్పుడు దిక్కులు చూడటం నా కింద రాసి పెట్టుకున్నాను. వరసలో అన్నిటికన్నా తేలికైనది అదే.

అందరికీ అయ్యాక ఒక పిల్ల వచ్చింది. వాళ్ళమ్మ ఉప్పు గంపలు మోసేది. ఆ పిల్ల తమ్ముణ్ణి చంకలో వేసుకుని, నీళ్ళు మోసి, ఇల్లూడ్చి ఎక్కడికైనా ఆఖరున చేరేది.

"నాకేది?" అంది.

"దొంగతనం ఒకటే ఉండాది."

"నేనేమీ తియ్యలేదే."

"తీసినావని ఎవరన్నారు? చెప్పేదానికే గదా. మరిచిపోకుండా నేర్చుకో."

ఆ పిల్ల చదువులో మందం. పాఠం ఏదైనా పదేపదే పైకి అనుకుంటే గాని నిలిచేది కాదు. శుక్రవారం పొద్దున బావి దగ్గర బిందె ముంచుకుంటూ, నేను దొంగతనం చేసినాను, నేను దొంగతనం చేసినాను అని వల్లె వేసుకుంటోంది.

మా బడిలో మధ్యాహ్నం పిల్లలకు అమెరికా పాలపొడి కలిపి పాలు పోసేవారు. ఆ పాలు కాచే ఆమెను పెద్దమ్మ అనేవాళ్ళం. రెండు రోజులుగా డబ్బాలో పొడి తరిగిపోతోందని, ఆ నింద తన మీదికి వస్తుందని ఆమె అప్పటికే నిప్పుల మీద ఉంది. బావి దగ్గర ఆ మాట చెవిన పడగానే పిల్ల రెక్క పట్టుకుని బడి అరుగు దాకా ఈడ్చుకొచ్చింది.

"యాడ పెట్టినావో చెప్పు మే. ఇంతసేపూ నోటితో అనుకుంటానే ఉంటివి గదా, ఇప్పుడు నోరు పడిపోయిందా?"

ఆ పిల్ల నోరు విప్పలేదు. హెడ్మాస్టరు వచ్చి అడిగినా విప్పలేదు. ఎందుకు విప్పలేదో మా ఎనిమిదిమందికీ తెలుసు. పాపసంకీర్తనంలో చెప్పవలసినది స్వాములవారికి తప్ప ఎవరికీ చెప్పకూడదన్న మాటను మా అందరిలో చెవికెక్కించుకున్నది ఆ మందమతి ఒక్కతే. ఒకసారి మాత్రం తలెత్తి నా వైపు చూసింది. అందులో నేరం మోపడం లేదు. ఇక్కడ కూడా చెప్పమంటావా అని అడుగుతున్నట్టుంది. నేను తల దించుకున్నాను. ఆ పిల్లకు ఆ పూట పాలు లేవన్నారు, ఆదివారం వరసలో నిలబడటానికి వీల్లేదన్నారు, వాళ్ళమ్మకు కబురు పంపారు. నేను నా గ్లాసు పట్టుకుని పోయి ఉండలు కట్టిన ఆ పాలు తాగాను. అడుగున మిగిలిన ఉండను వేలితో తీసుకుని తిన్నాను కూడా.

సాయంత్రం ఉపదేశి మాస్టారి దగ్గరికి పోయాను. నా మంచితనం వల్ల పోయానని ఎవరూ అనుకోవద్దు. మరునాడు ఆ పిల్ల స్వాములవారి దగ్గర నా పేరు చెబితే నా గౌను పెట్టెలోనే ఉండిపోతుందని భయమేసి పోయాను. ఆయన చర్చి అరుగు మీద ఆదివారానికి రంగు కాగితాలు కత్తిరిస్తున్నారు. చెప్పిందంతా విన్నారు.

"పాపాలు పంచినావా?"

"అవునండీ."

"ఎందుకు పంచినావు?"

"అందరం ఒకటే చెబితే చూసి రాసినట్టు అవుతుంది గదండీ. కొడతారని."

ఆయన కత్తెర కింద పెట్టారు. సరుగుడు తోపు వైపు చూశారు. "ఆరు నెలలు," అన్నారు, నాతో కాదు. "ఆరు నెలలు గొంతు చించుకుంటిని." తర్వాత నా వైపు తిరిగారు. "నీకేం ఉంచుకున్నావు?"

"జపంలో దిక్కులు చూడటం."

"బాగా ఏరుకున్నావే," అన్నారు.

ఆయన కోపంగా అనలేదు. అంతకు ముందు తిన్న బెత్తం దెబ్బలన్నీ కలిపినా ఆ మాటకు సరిపోవు.

లేచి ఉప్పు మళ్ళ వైపు నడిచారు. రమ్మనలేదు గాని నేను వెనకే పోయాను. ఆ పిల్ల గుడిసె బయట కూర్చుని ఉంది. చెంప కందిపోయి ఉంది. మాస్టర్లు పిల్లల ముందు ఎప్పుడూ చెయ్యని పని ఆయన చేశారు. ఆమె ముందు గొంతుక్కూర్చుని, "తప్పు నాది పాపా," అన్నారు. "నేను చెప్పిన పాఠం మిగతావాళ్ళకు ఎక్కలేదు. నీ ఒక్కదానికే ఎక్కింది. ఆదివారం ముందు వరసలో నువ్వే నిలబడాల." వాళ్ళమ్మకు, తన పాఠం వల్ల వచ్చిన పొరపాటని చెప్పారు. తిరిగి వచ్చి హెడ్మాస్టరుకూ అదే చెప్పారు, పెద్దమ్మకూ అదే చెప్పారు.

"అయితే నా పొడి యాడికి పోయినట్టు?" అంది పెద్దమ్మ.

"నాకు తెలీదమ్మా. ఈ పిల్ల దగ్గరికి మాత్రం పోలేదు."

ఆ పొడి సంగతి ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సాయంత్రం నేను చూస్తున్నది ఒకటే, ఆయన నా పేరు ఎప్పుడు చెబుతారా అని. ఎక్కడా చెప్పలేదు. చివరికి ఉండబట్టలేక, "నన్ను కొట్టరాండీ?" అని అడిగాను.

"నువ్వు చెప్పుకునేది రేపు గదా. ఇంటికి పో," అన్నారు.

శనివారం వరసలో నా వంతు వచ్చినప్పుడు దిక్కులు చూడటం నోట్లోనే ఉంది గాని బయటికి రాలేదు. వచ్చింది వేరేది. వెతుక్కోవలసిన పని లేకపోయింది. తెర వెనక స్వాములవారు అంతా విని, ఆ పిల్లను క్షమాపణ అడిగావా అన్నారు. లేదన్నాను. పోయి అడిగి రమ్మన్నారు, తాను అక్కడే ఉంటానన్నారు.

లోపలికి పోయినవాళ్ళు మధ్యలో బయటికి రావడం ఎవరూ చూసి ఎరుగరు. వరసంతా నన్నే చూసింది. ఆ పిల్ల ఎప్పటిలాగే ఆఖరున నిలబడి ఉంది. దగ్గరికి పోయి చెవిలో చెప్పాను, తప్పు నాదని, క్షమించమని.

"అయితే దొంగతనం నేను చెప్పే పన్లేదా?"

"లేదు."

"మరి నాకేది మే? నా వంతు వచ్చేస్తా ఉండాది."

నాకు ఏడవాలో అరవాలో తెలియలేదు. "నా మీద కోపం వచ్చిందని చెప్పు. అది కూడా పాపమే," అన్నాను.

ఆమె నిజంగానే వెతుక్కుంది. కళ్ళు మూసుకుని, పెదవులు బిగించి, లోపల ఎక్కడైనా ఉందేమోనని చూసుకుంది. అంత శ్రద్ధగా ఆత్మశోధన చేసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

"రాలేదే," అంది. "అబద్ధం చెప్పమంటావా?"

ఆమె లోపలికి పోయి ఏం చెప్పిందో నాకు తెలియదు. ఇన్నేళ్ళలో అడగలేదు. ఒకరి పాపాలు ఇంకొకరికి చెప్పేవి కావన్న మా మాస్టారి పాఠంలో ఆ ఒక్క ముక్కను మాత్రం ఆ తర్వాత నేను తప్పలేదు. ఆదివారం ఆమె ఎవరో ఇచ్చిన పొడుగు గౌనులో ముందు వరసలో నిలబడింది. నేను ఆమె వెనక నిలబడ్డాను.

ఇది రాయడానికి సాయపడినవాళ్ళు ఉన్నారు. గ్రంథాలయంలో పై అరలెక్కి పుస్తకాలు దించి ఇచ్చిన రమణయ్య గారికి, నా గీతలను ఓపికగా తిరగరాసిన మా కోడలు నిర్మలకు, తొమ్మిది పాపాలూ ఎవరికి ఏది వచ్చిందో ఇంకా అలకతోనే గుర్తుచేసిన మేస్త్రీ గారబ్బాయి ఇన్నయ్యకు కృతజ్ఞతలు. మా ఉపదేశి అంతోని మాస్టారికి చెప్పుకోవలసింది ఆయన ఉండగా చెప్పుకోలేదు, ఇప్పుడు చెబుతున్నాను. చివరగా, ఆ ఆఖరు పాపం వంతుకు వచ్చిన శౌరమ్మకు. బయటపెట్టడానికి ఒప్పుకునే ముందు రాసింది చదివి వినిపించమంది. చాపలు అల్లుకుంటూ అంతా విని, "నీకు ఇంకా పోలేదా మే అది?" అంది.

పోలేదు. ఆమెకు రాని కోపం నా మీద నాకే ఉండిపోయింది. ఇంట్లో ఏదైనా పొరపాటు జరిగి, ఎవరి మీద వెయ్యాలా అని నా కళ్ళు వెతకడం మొదలుపెట్టినప్పుడు అది లేస్తుంది. కొంచెం ఆలస్యంగా లేస్తుంది, అప్పటికే ఎవరినో ఒక మాట అనేసి ఉంటాను. రెండో మాట మాత్రం రాదు.